ఫిజిక్స్, భౌతికం: ఒకే ధాతువు బిడ్డలు

మంచిర్యాల నుంచి చెన్నూరు, సిరొంచల మీదుగా జగదల్‌పూర్ వెళ్లే 63వ నంబరు జాతీయ రహదారి ప్రాణహితను, ఆ తర్వాత ఇంద్రావతిని దాటి భోపాల్‌పట్నం చేరుతుంది. ఒకనాటి బస్తర్ సంస్థానంలో ఇదొక జమీందారీ. ఇప్పుడు ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో, 2007లో ఏర్పడిన బీజాపూర్ జిల్లాలో ఉంది. ఈ ప్రాంతంలోనే భద్రకాళి గ్రామం దగ్గర ఇంద్రావతి గోదావరిలో కలుస్తుంది. ఒక ఒడ్డు ఛత్తీస్‌గఢ్, ఇంకో ఒడ్డు మహారాష్ట్ర, గోదావరికి ఆవల తెలంగాణ. నదుల్లాగే ఇక్కడ భాషలు కూడా కలుస్తాయి. బజారులో తెలుగు వినిపిస్తుంది. బడిలో, కచేరీలో హిందీ. చుట్టుపక్కల పల్లెల్లో గోండీ, దానిలోనే తెలుగు వాసన ఎక్కువగా పట్టిన దోర్లీ. ఉత్తరాన బస్తర్ సంతల నుంచి వచ్చే హల్బీ. నది దాటితే మరాఠీ.

ఇలాంటి ఊళ్లో చదువుకునే విద్యార్థి పుస్తకాల సంచిని ఒకసారి ఊహించుకోండి. హిందీ మీడియం సైన్సు పుస్తకంలో ‘భౌతికీ’ అని ఉంటుంది. గోదావరి అవతల ఉన్న మేనమామ కొడుకు పుస్తకంలో ‘భౌతికశాస్త్రం’. ఇంగ్లీషు మీడియంలో చదివే మిత్రుడికి అది ‘ఫిజిక్స్’. మొదటి రెండూ ఒకే మాట అని ఎవరైనా చెప్పగలరు. కాని మూడోది కూడా ఆ రెంటితో పాటు ఒకే ధాతువు నుంచి పుట్టిందంటే నమ్ముతారా? నమ్మవద్దు. ముందు రుజువు అడగండి. ఆ రుజువు ఎలా ఉంటుందో చెప్పడానికే ఈ వ్యాసం.

ధాతువు అంటే

హిందీ పుస్తకంలో ‘ధాతు’ అంటే లోహం. బైలదిలా కొండల్లో దొరికే ఖనిజం నుంచి తీసే ఇనుము ధాతువు. వైద్యంలో శరీర ధాతువులున్నాయి. వ్యాకరణంలో క్రియాపదానికి మూలమైన అంశం ధాతువు. మూడింటిలోనూ భావం ఒకటే: ఇక పగలగొడితే అర్థం మిగలని మూలద్రవ్యం. రసాయనశాస్త్రంలో మూలకం ఎలాంటిదో, సంస్కృత వ్యాకరణంలో ధాతువు అలాంటిది.

పాణిని సుమారు 4000 సూత్రాల అష్టాధ్యాయికి అనుబంధంగా ధాతుపాఠం అనే పట్టిక ఉంది. సుమారు 2000 ధాతువులను పది గణాలుగా విభజించిన పట్టిక అది. దానిలో మొట్టమొదటిది ‘భూ’. ‘ఉండటం’ అని దాని అర్థం చెప్పారు. మొదటి గణానికి దాని పేరే పెట్టారు, భ్వాది గణం అని. సంస్కృతం మొదలుపెట్టిన ప్రతి విద్యార్థీ ముందుగా వల్లించేది ‘భవతి’ రూపాలనే. పది లకారాల్లో, మూడు పురుషల్లో, మూడు వచనాల్లో కలిపి 90 రూపాలు. వాటిని బట్టీపట్టడం ఎంత విసుగో సంస్కృతం సెకండ్ లాంగ్వేజీగా తీసుకున్నవారికి చెప్పక్కర్లేదు. మనకు ఇక్కడ ఆ 90తో పని లేదు. ఆ ధాతువు పెట్టిన సంసారంతో పని.

ఈ అయిదు మాటలు చూడండి: భూమి, భువనం, భవనం, భావన, భౌతికం. అయిదింటిలోనూ ధాతువు ఒకటే. కాని ప్రతిసారీ వేరే వేషం వేసుకుంది: భూ, భువ్, భవ్, భావ్, భౌ. ఇది ఇష్టమొచ్చినట్టు జరిగిన మార్పు కాదు. మీరు ఎనిమిదో తరగతిలోనో తొమ్మిదిలోనో చదివిన సంధులే దీన్ని నడుపుతున్నాయి.

పర, ఉపకారం కలిస్తే పరోపకారం అవుతుందని గుణసంధిలో చదివారు. ఉ స్థానంలో ఓ వచ్చింది. ఇదే మార్పు ధాతువు లోపల కూడా జరుగుతుంది. కొన్ని ప్రత్యయాలు చేరితే ధాతువులోని ఊ ఒక మెట్టు ఎక్కి ఓ అవుతుంది. ఇది గుణం. ఇంకొన్ని చేరితే రెండు మెట్లెక్కి ఔ అవుతుంది. ఇది వృద్ధి. కొన్ని చేరినప్పుడు ఉన్నచోటే ఉండిపోతుంది. అంటే భూ, భో, భౌ అని మూడు మెట్లు. ఆ తర్వాత వచ్చేది అచ్చయితే ఊ కాస్తా ఉవ్, ఓ కాస్తా అవ్, ఔ కాస్తా ఆవ్ అయిపోతాయి.

ఇప్పుడు లెక్క కట్టండి. భూ పక్కన ‘మి’ చేరి భూమి. ‘త’ చేరి భూతం, అంటే అయినది, జరిగిపోయినది. అందుకే జరిగిపోయిన కాలం భూతకాలం. ‘అన’ చేరి గుణం వస్తే భో, అన కలిసి భవనం: ఉండే చోటు. వృద్ధి వస్తే భౌ, అ కలిసి భావం. భూతం మీద ‘ఇక’ చేరితే మాటలోని మొదటి అచ్చు వృద్ధి పొంది భౌతికం: భూతాలకు, అంటే పంచభూతాలకు సంబంధించినది. భూమికి సంబంధించినది, భూమికి పుట్టినది భౌమం. పంచాంగంలో మంగళవారాన్ని భౌమవారం అనడం ఇందుకే. పురాణాల్లో కుజుడు భూమి కొడుకు.

ఇది ఒక్క ‘భూ’కే ప్రత్యేకించిన ఏర్పాటయితే దాన్ని సిద్ధాంతం అనక్కర్లేదు. వినడం అనే అర్థమున్న ‘శ్రు’ను తీసుకోండి. శ్రుతి, శ్రోత, శ్రవణం, శ్రావ్యం, శ్రౌతం. అదే నిచ్చెన. నడిపించడం అనే అర్థమున్న ‘నీ’ని తీసుకోండి. నీతి, నేత, నయనం, నాయకుడు, నైతికం. అచ్చు మారింది గాని మెట్లు మారలేదు. ఇంత తక్కువ యంత్రాంగంతో ఇంత పెద్ద పదజాలాన్ని ఉత్పత్తి చేయడం రెండు వేల మూడు వందల ఏళ్లకు పైబడిన వ్యాకరణం సాధించిన ఘనత. ఇరవయ్యో శతాబ్దపు భాషాశాస్త్రం దాన్ని చూసి ఇంకా నేర్చుకుంది.

ఉపసర్గల చమత్కారం

ధాతువు ముందు చేరే చిన్న ముక్కలు ఉపసర్గలు. ఇవి అర్థాన్ని ఎక్కడినుంచి ఎక్కడికైనా తీసుకుపోగలవు. ‘అను’ అంటే వెంట. ఒకదాని వెంట ఉండి చూసినది అనుభవం. ‘ఉత్’ అంటే పైకి: ఉద్భవం. ‘పరా’ చేరితే ఓడిపోవడం: పరాభవం. ‘వి’ చేరితే వ్యాపించడం, సంపద: విభవం, దాని నుంచి వైభవం, విభూతి. మన పల్లెల్లో నుదుటికి పెట్టుకునే విబూది ఈ విభూతే. ‘ప్ర’ చేరి ప్రభవం, ప్రభావం, ప్రభువు. ప్రభువుకు ఉండే లక్షణం ప్రభుత్వం. నేడు దరఖాస్తు పెట్టుకునే ప్రభుత్వం అసలు అర్థం దొరతనం అన్నమాట.

‘సం’ చేరినప్పటి సంగతి మరీ బాగుంటుంది. అన్నీ కూడి జరగడం సంభవం. జరగడానికి వీలున్నది సంభావ్యం. గణితంలో నాణెం ఎగరేసి లెక్క కట్టే ‘సంభావ్యత’ ఇక్కడిదే. గౌరవించడం సంభావన. పెళ్లిలో పురోహితుడికి తాంబూలంతో ఇచ్చే సంభావన, ఇంటర్ విద్యార్థి పరీక్షలో లెక్కకట్టే సంభావ్యత అన్నదమ్ములు. ఇద్దరిలో ఎవరికి ఎక్కువ గిట్టుబాటో మీరే తేల్చుకోండి.

హిందీ మీడియం విద్యార్థి విద్యుత్ పాఠంలో ‘విభవాంతర్’ అనే మాట చదువుతాడు. మన పుస్తకాల్లో చాలావరకు ‘పొటెన్షియల్’ అనే ఉంచేశారు. విభవం అంటే శక్తి, సామర్థ్యం అని తెలిసినవాడికి ఆ హిందీ మాట గుర్తుపెట్టుకోవడం కష్టం కాదు. తెలియనివాడు దాన్ని నోటికి పట్టించుకోవలసిందే. పారిభాషిక పదాలు కష్టమని విద్యార్థులు మొరపెట్టుకుంటారు. పదాలు కష్టం కాదు, వాటిని ధాతువు నుంచి తెంపి ముక్కలుగా చేతికివ్వడం వల్ల వచ్చిన కష్టమది.

ఉగాది పంచాంగంలో కూడా ఈ కుటుంబం ఉంది. అరవై సంవత్సరాల పేర్లలో మొదటిది ప్రభవ, రెండోది విభవ, ఎనిమిదోది భావ, నలభయ్యోది పరాభవ. 1987లో వచ్చింది ప్రభవ. 2026 ఉగాదితో మొదలయ్యేది పరాభవ. మరి చిత్రభాను, స్వభాను? అక్కడ జాగ్రత్త. అవి ప్రకాశించడం అనే అర్థమున్న ‘భా’ ధాతువు సంతానం. భాను, ప్రభ, ప్రభాతం ఆ ఇంటివాళ్లు. ప్రభకూ ప్రభువుకూ చుట్టరికం లేదు. ప్రభావానికీ ప్రభాతానికీ లేదు. ఇలాంటిచోట ఒక చిన్న పరీక్ష పెట్టవచ్చు. ‘త’ ప్రత్యయం చేర్చి చూడండి. భూ అయితే భూతం, భా అయితే భాతం అవుతుంది. ప్రభూతం అంటే సమృద్ధమైనది, ప్రభాతం అంటే తెల్లవారుజాము. అలాగే భాగం ‘భజ్’ నుంచి వచ్చింది, భోజనం ‘భుజ్’ నుంచి, భయం ‘భీ’ నుంచి. మొదటి అక్షరం ఒకటైనంత మాత్రాన వంశం ఒకటి కాదు.

ఊరి పేరు ఏం చెబుతుంది?

భోపాల్‌పట్నం అనగానే ‘భూపాల’ అనే మాట తోస్తుంది. భూమిని పాలించేవాడు, రాజు. రాజుగారి పట్నం. వినడానికి ఎంతో సహజంగా ఉంది. గోదావరికి ఈవల తెలంగాణలో భూపాలపల్లి ఉండనే ఉంది. కాని ఒక అడ్డంకి. భూపాలలో ఉన్నది ‘భూ’, ఊరి పేరులో ఉన్నది ‘భో’. గుణం వచ్చిందందామా? కుదరదు. గుణం తెచ్చేది ప్రత్యయం. ‘పాల’ ప్రత్యయం కాదు, మరో పూర్తి పదం. సమాసంలో రెండు పదాలు పక్కపక్కన కూర్చుంటాయే గాని మొదటిదానికి గుణం రాదు. భూగోళం భోగోళం కాలేదు, భూకంపం భోకంపం కాలేదు.

మధ్యప్రదేశ్ రాజధాని భోపాల్ విషయంలోనూ ఇదే వాదం ఉంది. పదకొండో శతాబ్దపు పరమార రాజు భోజుడి పేరు మీద, ఆయన కట్టించిన చెరువుకట్టను బట్టి ‘భోజపాల్’ అని, అదే భోపాల్ అయిందని కొందరు చెబుతారు. కాదు, భూపాలే అని ఇంకొందరు. మొదటిది నిజమైతే ఆ పేరు మన ధాతువుది కానే కాదు, ఎందుకంటే భోజుడు ‘భుజ్’ ధాతువు బిడ్డ. జనం నోట ఊళ్ల పేర్లలో ఊ, ఓ తారుమారు కావడం అసాధ్యమేమీ కాదు. కాని అసాధ్యం కాకపోవడం రుజువు కాదు. ఊరి పేరు పుట్టుక తేల్చేది పాత రూపం: ఏ శాసనంలోనో, ఏ జమీందారీ కాగితంలోనో రాసివున్న రూపం. చెవికి ఇంపుగా తోచింది కదా అని ముందే తీర్పు ఇచ్చేయడం మన ఊళ్ల చరిత్రలు రాసేవారిలో బాగా పాతుకుపోయిన అలవాటు.

1795లో కెప్టెన్ జె.టి. బ్లంట్ అనే కంపెనీ అధికారి గంగ ఒడ్డునున్న చునార్ నుంచి ఏలూరు సర్కారులోని ఎర్నగూడేనికి దారి కనుక్కుంటూ ఈ ప్రాంతానికి వచ్చాడు. భోపాల్‌పట్నం దగ్గర గోండులు ఆయన్ను అడ్డగించారు. ఆ యాత్రా వృత్తాంతం కలకత్తా ఏషియాటిక్ సొసైటీ వారి ఏషియాటిక్ రీసెర్చెస్ ఏడో సంపుటిలో అచ్చయింది. అంతకు తొమ్మిదేళ్ల ముందు, 1786 ఫిబ్రవరి 2న, అదే సొసైటీ సభలో విలియం జోన్స్ ఒక ఉపన్యాసం ఇచ్చాడు. సంస్కృతానికీ గ్రీకుకూ లాటిన్‌కూ మధ్య ఉన్న పోలిక, ముఖ్యంగా క్రియాధాతువుల్లో ఉన్న పోలిక, యాదృచ్ఛికం కాజాలదని, బహుశా నేడు లేని ఏదో ఒక మూలభాష నుంచి ఇవన్నీ పుట్టి ఉండాలని అన్నాడు.

భ, ఫ, బ

పోలిక అంటే చెవికి ఒకలా వినిపించడమేనా? అలాగైతే ‘బద్నాం’లోని పారశీ ‘బద్’, ఇంగ్లీషు ‘బ్యాడ్’ రెండూ ఒకటే కావాలి. పలుకుబడి దగ్గర, అర్థం ఒకటే. అయినా వాటికి సంబంధం లేదు. కేవలం కాకతాళీయం. భాషాశాస్త్రం అడిగేది ఒక జత కాదు, వరుస.

భ్రాత అనే మాట చూడండి. గ్రీకులో ఫ్రాతేర్, లాటిన్‌లో ఫ్రాతెర్, ఇంగ్లీషులో బ్రదర్, పారశీలో బిరాదర్, రష్యన్‌లో బ్రాత్. మోయడం అనే అర్థంలో సంస్కృత ‘భరతి’, గ్రీకు ‘ఫెరో’, లాటిన్ ‘ఫెరో’, ఇంగ్లీషు ‘బేర్’, పారశీ ‘బుర్దన్’. కనుబొమ అనే అర్థంలో భ్రూ, గ్రీకులో ఓఫ్రూస్, ఇంగ్లీషులో బ్రౌ, పారశీలో అబ్రూ. సంస్కృతంలో భ ఉన్నచోట గ్రీకులో ప-కు ఒత్తు పెట్టిన ఫ, లాటిన్‌లో పెదవీ పళ్లూ కలిపి పలికే ఫ, ఇంగ్లీషు, రష్యన్, పారశీల్లో వట్టి బ. ఒకసారి కాదు, వచ్చిన ప్రతిసారీ. ఇది సూత్రం. సూత్రం ఉన్నప్పుడు ముందే చెప్పగలం కదా? ‘భూ’కు గ్రీకులో ‘ఫూ’తో, లాటిన్‌లో ‘ఫు’తో, మిగతావాటిలో బ-తో మొదలయ్యే తోబుట్టువు ఉండాలి.

ఉంది. పారశీలో బూదన్, ఉండటం. లిథువేనియన్‌లో బూతి. రష్యన్‌లో బీత్. ఇంగ్లీషులో ‘బి’. లాటిన్‌లో ‘ఫుయి’, నేను ఉంటిని అని. దాని నుంచి ‘ఫుతూరుస్’, కాబోయేది. అదే నేటి ఫ్యూచర్. సంస్కృతంలో భవిష్యత్తు అనే మాటను ఏ ధాతువుతో, ఏ ఉద్దేశంతో కట్టారో, లాటిన్ వారు ఫ్యూచర్‌ను అదే ధాతువుతో అదే ఉద్దేశంతో కట్టుకున్నారు. గ్రీకులో ‘ఫూఓ’, అంటే పెరగడం, మొలిపించడం. పెరిగే గుణం, సహజ స్వభావం ‘ఫూసిస్’. ఆ ఫూసిస్‌ను గురించిన విద్య ఫిజిక్స్. ఇంగ్లీషులో దాన్ని ఎఫ్‌తో కాక పి, హెచ్ కలిపి ఎందుకు రాస్తారో ఎప్పుడైనా అనుమానం వచ్చిందా? ఆ హెచ్ పాత గ్రీకు ఒత్తుకు గుర్తు. మన భ-లోని ఒత్తూ అదీ ఒక్కచోటి నుంచే వచ్చాయి.

జీవశాస్త్రం విద్యార్థులకు ఇంకో రెండు మాటలు. మొక్కకు గ్రీకులో ‘ఫూతోన్’, అంటే మొలిచినది. ఫైటోప్లాంక్టన్‌లోని ఫైటో అదే. ఒక మూలం నుంచి పెరిగిన తెగ ‘ఫూలోన్’. జంతువుల వర్గీకరణలో ఫైలం అదే. గ్రీకులో ‘పెరగడం’ అనే అర్థం గట్టిగా నిలవడం చూసి, ధాతువు అసలు అర్థం ‘పెరుగు, అవు’ అనీ, ‘ఉండు’ అనేది తర్వాత వచ్చిందనీ పండితులు భావిస్తారు. భూమి అనే మాటకు ఆ పాత అర్థమే బాగా నప్పుతుంది.

కనిపించని అక్షరం

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. వినేవాడు శ్రోత. ఆ పద్ధతిలో భూ నుంచి ‘భోత’ రావాలి. రాలేదు. భవిత వచ్చింది. మధ్యలో ఒక ‘ఇ’ దూరింది. భవిష్యత్తులో కూడా అదే ఇ. వినే అవయవం శ్రోత్రం. పావనం చేయడం అనే అర్థమున్న ‘పూ’ నుంచి మాత్రం ‘పోత్రం’ బదులు పవిత్రం. ఎక్కడి నుంచి వస్తోంది ఈ ఇ? పాణిని దీన్ని జాగ్రత్తగా గమనించాడు. ఇ తెచ్చుకునే ధాతువులను సేట్ అనీ, తెచ్చుకోనివాటిని అనిట్ అనీ వ్యాకరణం వేరుచేసింది. ఏది ఏ జాబితాలో ఉందో చెప్పింది. ఎందుకు అన్నది వేరే ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబు వచ్చే దారి 1878 చివర్లో తెరుచుకుంది. జెనీవాలో పుట్టి లైప్జిగ్‌లో చదువుకుంటున్న ఫెర్డినాండ్ ద సస్యూర్ అనే 21 ఏళ్ల విద్యార్థి ఒక పుస్తకం అచ్చువేశాడు. దాని మీద 1879 అని ఉంటుంది. మూలభాషలో ఒకనాడు కొన్ని ధ్వనులు ఉండేవని, అవి ఆ తర్వాత అన్ని భాషల్లోనూ పోయాయని, పోతూ పోతూ పక్క అచ్చును దీర్ఘం చేసి పోయాయని అతను లెక్కకట్టాడు. అంటే భూలోని దీర్ఘం, భవితలోని ఇ, రెండూ ఒకే పోయిన ధ్వని విడిచిన గుర్తులు. శ్రులో ఆ ధ్వని లేదు, కాబట్టి దీర్ఘమూ లేదు, ఇ కూడా లేదు. (నీ ధాతువు మాత్రం మొండికేస్తుంది. దీర్ఘముండి కూడా ‘నేత’ అంటుంది, ‘నయిత’ అనదు. వాడుకలో ఒకదాన్ని చూసి ఒకటి మారుతుంటాయి, అన్నీ లెక్కకు లొంగవు.)

ఎవరూ విననిదాన్ని ఉందని ఎలా నమ్మడం? యురేనస్ గమనంలో తేడాను బట్టి లెవెరియే ఒక గ్రహం ఉండాలని లెక్కవేస్తే 1846లో నెప్ట్యూన్ కనిపించింది. సస్యూర్ నెప్ట్యూన్ కోసం దాదాపు యాభై ఏళ్లు ఆగవలసి వచ్చింది. టర్కీలోని బొగాజ్‌కోయ్‌లో 1906 నుంచి జరిగిన తవ్వకాల్లో వేలకొద్దీ మట్టిపలకలు బయటపడ్డాయి. వాటిలోని హిట్టైట్ భాష సంస్కృతం, గ్రీకుల కుటుంబానిదేనని 1915లో హ్రోజ్నీ చూపాడు. సస్యూర్ ఊహించిన ధ్వని ఉండాల్సిన చోట్ల ఆ పలకల్లో ‘హ’ లాంటి అక్షరం రాసివుందని 1927లో పోలెండ్ పండితుడు కురిలోవిచ్ బయటపెట్టాడు.

అలాంటి చోట్లలో ఒకటి మనకు కావలసినదే. భూపాలలోని ‘పాల’ కాపాడటం అనే అర్థమున్న ‘పా’ ధాతువుకు చెందినది. హిట్టైట్‌లో కాపాడటానికి మాట ‘పహ్స్’. సంస్కృతంలో దీర్ఘం ఉన్నచోట అక్కడ హ నిలిచి ఉంది. లాటిన్‌లో ఈ ధాతువు నుంచే ‘పాస్తోర్’, అంటే మందను కాచేవాడు. గోపాలుడు, భూపాలుడు, చర్చిలో పాస్టరు, ముగ్గురూ ఒకే ధాతువు కాపలాదారులు.

మరి తెలుగు?

భూపాలుడు, ప్రభుత్వం, అనుభవం అన్నీ తెలుగులో నిండి ఉన్నాయి కాబట్టి తెలుగు కూడా సంస్కృతం బిడ్డే అనుకోవడం చాలాకాలం నడిచింది. ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. ఆ తర్వాతి అడుగుగా గోండీ, దోర్లీ లాంటివి భాషలే కావు, చెడిపోయిన హిందీయో చెడిపోయిన తెలుగో అని కూడా అనేస్తారు. బడిలో పిల్లవాడి నోరు మూయించడానికి ఆ ఒక్క మాట చాలు. అందువల్ల ఇది పండితుల వినోదం మాత్రమే కాదు.

పరీక్ష ఎక్కడ పెట్టాలో ఈపాటికి మీకే తెలిసి ఉంటుంది. అరువు మాటల్లో కాదు, ధాతువుల్లో. హిందీలో ‘హోనా’ అనేది భవతి బిడ్డ. పాళీలో భవతి పక్కనే ‘హోతి’ కనిపిస్తుంది, తర్వాత అదే హోనా అయింది. మరాఠీ ‘హోణే’ కూడా అంతే. ‘హై’ మాత్రం ‘అస్’ ధాతువుది, ‘థా’ నిలవడం అనే అర్థమున్న ‘స్థా’ది. ఇంగ్లీషులో కూడా ఇలాంటి అతుకులబొంతే: ‘బి’ భూది, ‘ఈజ్’ అస్‌ది, ‘వజ్’ నివసించడం అనే అర్థమున్న ‘వస్’ది. ఇప్పుడు తెలుగులో చెప్పండి, “ఇది భూమి”. ఆ వాక్యంలో క్రియే లేదు! హిందీలో చివర ‘హై’ పెట్టకపోతే వాక్యం పూర్తికాదు, తెలుగులో పెట్టడానికి ఏమీ లేదు. క్రియ కావలసినప్పుడు తెలుగు వాడేది ‘ఉండు’, ‘అగు’. అగు నుంచి అవుతుంది, అయింది, కాదు, కావాలి. తమిళంలో ఆగు, కన్నడంలో ఆగు. గోండీలో ఆయానా. భ లేదు, హ లేదు. అసలు అచ్చ తెలుగు మాటల్లో ఒత్తక్షరమే లేదు. తెలుగులో భ-తో మొదలయ్యే మాట కనిపిస్తే అది ఎరువు తెచ్చుకున్నదే.

ఈ పరీక్షను మొదట చేసి చూపింది మద్రాసులో, తెలుగు మీదనే. 1816లో ఎ.డి. క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి మద్రాసు కలెక్టరు ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ ఒక పీఠిక రాశాడు. పట్టాభిరామశాస్త్రి కూర్చిన తెలుగు ధాతుమాలను ఆధారం చేసుకుని, ఒకే అక్షరంతో మొదలయ్యే సంస్కృత ధాతువులనూ తెలుగు ధాతువులనూ పక్కపక్కన పేర్చాడు. రెండు వరుసలూ కలవలేదు. తెలుగు ధాతువులు తమిళ, కన్నడ ధాతువులతో కలిశాయి. సరిగ్గా అదే 1816లో జర్మనీలో ఫ్రాంజ్ బాప్ సంస్కృత క్రియారూపాలను గ్రీకు, లాటిన్, పారశీ, జర్మన్ రూపాలతో పోల్చి పుస్తకం వేశాడు. ఒకే ఏడు, ఒకే పద్ధతి, రెండు కుటుంబాలు. బాప్ పేరు ప్రపంచమంతా తెలిసింది. ఎల్లిస్ 1819లో చనిపోయాడు. కీర్తి 1856లో పుస్తకం వేసిన కాల్డ్‌వెల్‌కు దక్కింది. పట్టాభిరామశాస్త్రి పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఉండవలసినంతగా లేదు.

ఆ తర్వాత భద్రిరాజు కృష్ణమూర్తి 1961లో తెలుగు క్రియాధాతువుల మీద వెలువరించిన గ్రంథంతో ఈ పని స్థిరమైన పునాది మీద నిలిచింది. అగు, కా అనే రెండు రూపాలు ఒకే ధాతువు ఎలా అయ్యాయో కూడా అందులోని వర్ణవ్యత్యయ సూత్రంతో అర్థమవుతుంది: ఆదిలోని అచ్చు జరిగి హల్లు ముందుకు వచ్చింది. బస్తర్ కూడా ఈ కథలో పక్కన నిలబడి చూసినది కాదు. ఆక్స్‌ఫర్డ్‌లో సంస్కృతం ప్రొఫెసరు టి. బరో బస్తర్ వచ్చి, ఎస్. భట్టాచార్యతో కలిసి ఇక్కడి పర్జీ భాష మీద 1953లో పుస్తకం వెలువరించాడు. సంస్కృత భాషాచరిత్ర మీద ఆయన ప్రసిద్ధ గ్రంథం వచ్చింది ఆ తర్వాతే, 1955లో.

భావి వధువు అని శుభలేఖలో అచ్చువేస్తారు. ఇంట్లో మాత్రం కాబోయే పెళ్లికూతురు అంటారు. భావిలో ఉన్నది భూ, కాబోయేలో ఉన్నది అగు. భోపాల్‌పట్నంలో మీకు దోర్లీ మాట్లాడే మిత్రుడుంటే, ‘అయింది, అవుతుంది, కాదు’ అనే మూడింటినీ అతని భాషలో చెప్పమనండి. హిందీ మిత్రుడిని కూడా అడగండి. మూడు భాషల జవాబులను ఒక కాగితం మీద మూడు వరుసల్లో రాయండి. ఎల్లిస్ చేసిన పని సరిగ్గా అదే.